ముందు సీటు

లారీ ఆగకుండా వెళ్ళిపోయింది. మేటడోర్ వ్యాను మాత్రం ఎడమ చక్రాలు రెండూ రోడ్డు దిగి, ఉప్పుమళ్ళ పక్కన బురదలో కూరుకుపోయి, ఒక పక్కకు వాలి నిలబడింది. కుడివైపు అద్దం ముక్కలై రోడ్డు మీద పడింది. అదృష్టం బాగుండి ఎవరికీ దెబ్బ తగల్లేదు. దెబ్బలు లేవు కనుక పోట్లాడుకోవడానికి అందరికీ ఓపిక మిగిలింది.

ముందుగా అందుకున్నది కొమురవ్వ. లారీవాడు పొద్దున్నే తాగి ఉంటాడని తేల్చేసింది. గుజరాత్‌లో మందు అమ్మరు కదా అని మనవరాలు సుమన గుర్తుచేస్తే, తాగేవాడికి ఏ దేశమైనా ఒకటేనంది. ఆవిడ అసలు భయం వేరు. నాలుగు రోజుల ప్రయాణంలో ఆవిడ పట్టుబట్టి కోడల్ని లేపి ముందు సీట్లో కూర్చున్నది ఈ పొద్దునే. గంట తిరక్కుండా ఇలా జరిగింది. తన పాదం మంచిది కాదని ఎవరైనా అనకముందే గొంతు పెంచడం మంచిదని ఆవిడ లెక్క.

కోడలు భాగ్యలక్ష్మి అలా అనుకోలేదు. తను ముందు సీట్లో ఉంటే ఇది జరిగేది కాదని మాత్రం అనుకుంది. పైకి అనలేదు. అంటే ఎందుకని అడుగుతారు.

ఆ అడగడమేదో ఉమాకాంత్ అడిగేశాడు. అతను భాగ్యలక్ష్మి తమ్ముడు, సూరత్ పాండేసరలో రంగుల మిల్లులో పని. ఈ వ్యానులో సగం వాటా అతనిది. ఏడాది పిల్లను భుజాన వేసుకుని, పక్కన భార్య జమున నిలబడి ఉంటే, అక్క ముఖంలోకి చూస్తూ అడిగాడు.

"లారీవోడు ఫర్లాంగు సంది హారన్ కొట్టుకుంట వచ్చిండు. ఎనుక పండుకున్న పసిపోరికి ఇనవడి లేశింది. తోలేటాయినకు ఇనవడలేదా అక్కా?"

తోలే ఆయన పదడుగుల దూరంలోనే ఉన్నాడు. భాగ్యలక్ష్మి భర్త పరమేశ్వర్ చక్రం ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఏరి తెచ్చిన రాళ్ళను టైరు కింద పేరుస్తున్నాడు. తల కూడా ఎత్తలేదు.

"సూశినవా, నన్ను మనిషి కింద లెక్క జేస్తలేడు," అన్నాడు ఉమాకాంత్.

"నన్ను జేస్తుండా?" అంది కొమురవ్వ. "నాలుగొద్దుల సంది ఎనుక కూసోని పిలుస్తున్న. చెవిటోని ముంగట శంఖమూదినట్టే ఉన్నది. పెండ్లాం మాట తప్ప ఎవ్వల మాటా చెవికెక్కది వానికి."

సామెత ఆవిడ నోటికొచ్చి అన్నది, అంతే. భాగ్యలక్ష్మి మాత్రం చటుక్కున భర్త వైపు చూసింది.

నిజమే, పరమేశ్వర్‌కు వినపడదు. బొత్తిగా కాదు. ఎదురుగా నిలబడి గట్టిగా మాట్లాడితే కొంత అందుతుంది. వెనక నుంచైతే లారీ హారనైనా ఒకటే, చీమ నడకైనా ఒకటే. ఇరవై రెండేళ్ళు మరమగ్గాల మధ్య నిలబడ్డ చెవులవి. కరీంనగర్ వైపు నుంచి సూరత్ వచ్చిన నేతవాళ్ళు ఆ మరమగ్గాలను సాంచెలంటారు. ఒక్క సాంచె మోతకే తల దిమ్మెక్కుతుంది. షెడ్డులో అలాంటివి యాభై. అక్కడ చెవులతో వినేవాడెవడూ లేడు. ఎదుటివాడి పెదాలు చూసి మాట అందుకుంటారు. నవాగామ్‌లోని ఇంటికొస్తే కింది అంతస్తులోనూ సాంచెలే. నవాగామ్‌లో అందరూ అరిచి మాట్లాడతారు, ముఖం చూసే మాట్లాడతారు. అటువంటి చోట ఒకడికి చెవులు పోయాయని కనిపెట్టేదెవరు?

భాగ్యలక్ష్మి కనిపెట్టింది. ప్లేగు వచ్చిన ఏడు ఊరు ఊరంతా రైళ్ళెక్కి పారిపోయినప్పుడు సాంచెలన్నీ ఒకేసారి ఆగాయి. టికెట్లు దొరక్క వీళ్ళు ఉండిపోయారు. అంత నిశ్శబ్దం సూరత్‌లో ఆమె ఎన్నడూ ఎరగదు. కుళాయి దగ్గర ఉన్న భర్తను వెనక నుంచి మూడుసార్లు పిలిచింది. పలకలేదు. కోపమొచ్చిందేమో అనుకుంది. నాలుగోసారి పిలవకుండా ఇత్తడి బిందె కావాలనే కింద పడేసింది. అతను వెనుదిరిగి చూడలేదు. ఆ పూట ఆమె తలుపేసుకుని ఏడ్చింది. మర్నాటి నుంచి అతనికి ఎదురుగా వచ్చి నిలబడ్డాకే నోరు తెరవడం అలవాటు చేసుకుంది.

తనకు తెలుసని అతనితో అనలేదు. తనకు వినపడదని అతనూ అనలేదు. రెండేళ్ళు అలాగే గడిచిపోయాయి.

ఈ వ్యాను సంగతి లేకపోతే ఇంకో పదేళ్ళు కూడా గడిచేవేమో. వేసవిలో పరమేశ్వర్ సాంచెల పని మానేశాడు. మూలపడ్డ మేటడోర్ ఒకటి సంపాదించి, సీట్లు పీకేసి, రెండు పక్కలా పడుకోవడానికి బల్లలు, మధ్యలో కిరసనాయిలు స్టవ్ పెట్టుకునే పెట్టె, పైన నీళ్ళ డ్రమ్ము, కిటికీలకు ఆర్ట్ సిల్కు తెరలు, అన్నీ తన చేత్తోనే బిగించాడు. దీపావళి సెలవులకు సాంచెలు ఆగితే గుజరాతీలు కుటుంబాలతో ఊళ్ళు తిరుగుతారు. మనవాళ్ళు గదిలో పడుకుని కప్పు లెక్కపెడతారు. పక్కనే ఉన్న సముద్రం చూడకుండానే ముసలివాళ్ళయిన వాళ్ళు నవాగామ్‌లో ఎందరో. వండుకుంటూ, తింటూ, బండిలోనే పడుకుంటూ సముద్రం వెంట తిప్పి తీసుకొస్తానని పరమేశ్వర్ చెబితే, మొదటి పార్టీ వెంటనే కుదిరింది. రెండు కుటుంబాలు, ఐదుగురు పిల్లలు. ఎల్లుండే ప్రయాణం. అంతకు ముందు దారి చూసిరావడానికి ఇంటివాళ్ళతో బయలుదేరిన ప్రయాణం ఇది.

సముద్రం వెంట రోడ్డు చీర అంచులా తెగకుండా పోతుందని అందరూ అనుకున్నారు. అలాంటి రోడ్డే లేదు. నాలుగు మైళ్ళకొక సముద్రపు పాయ అడ్డం. ఒక తీరం నుంచి పక్క తీరానికి పోవాలంటే మళ్ళీ వెనక్కొచ్చి, రైలు పట్టాలు దాటి, హైవే ఎక్కి, ఇంకో చోట దిగాలి. డామన్, తీథల్, దాండీ, ప్రతి చోటా ఇదే తంతు. కాసేపు కూర్చుందామంటే పోదాం పదమంటారు. పోతుంటే ఆగుదామంటారు. నాలుగు రోజులుగా బండిలో ఎవరికీ ఒకచోట మనసు నిలవలేదు.

ఆ నాలుగు రోజులూ భాగ్యలక్ష్మి ముందు సీటు వదల్లేదు. అత్తను, తమ్ముణ్ణి వెనక కూర్చోబెట్టి తను మొగుడి పక్కన కూర్చోవడం వాళ్ళింటి మర్యాద కాదు. కొత్త పెళ్ళికూతురికి కూడా ఇంత సంబరం ఉండదని కొమురవ్వ పొద్దున ఒకసారి, మాపున ఒకసారి దెప్పుతూనే ఉంది. వెనక హారన్ మోగినప్పుడల్లా కోడలు కొడుకు మోచేతిని తాకడం చూసి, ఈ వయసులో సరసాలేమిటని ముక్కు మీద వేలేసుకుంది. భాగ్యలక్ష్మి సిగ్గుతో చచ్చిపోయింది కానీ చెయ్యి తీయలేదు. ఈ పొద్దున ఒక్కసారి మాత్రం అత్త మాట తీసేయలేక లేచి వెనక్కి పోయింది.

దాని ఫలితం బురదలో ఉంది.

ఉప్పుమళ్ళ కూలీలు నలుగురు వచ్చి తోసేసరికి వ్యాను రోడ్డెక్కింది.  ఉభరాట్ తీరం చేరేదాకా ఉమాకాంత్ అద్దం చట్రం ఒళ్ళో పెట్టుకుని దాన్నే చూస్తూ కూర్చున్నాడు. భాగ్యలక్ష్మి మళ్ళీ ముందు సీట్లోకి వస్తే ఈసారి కొమురవ్వ అడ్డు చెప్పలేదు.

ఉభరాట్‌లో సరుగుడు చెట్ల నీడన బండి ఆపి వంట మొదలుపెట్టారు. అప్పుడు సముద్రం ఆటు మీద ఉంది. నీళ్ళు ఎంతో దూరం వెనక్కి వెళ్ళిపోయి, అలల చప్పుడు కూడా లేదు. పరమేశ్వర్ బకెట్టు పట్టుకుని చక్రాల బురద కడగబోతుంటే, ఉమాకాంత్ ఆడవాళ్ళను చెట్ల చాటుకు పిలిచాడు.

బావకు వినపడదేమోనని తనకు నిన్నటి నుంచే అనుమానమన్నాడు. బావ మంచివాడే, కష్టజీవే, ఆ మాట కాదనడం లేదన్నాడు. ఎల్లుండి ఈ బండెక్కేది ఊరివాళ్ళ పిల్లలు. ఏదైనా జరిగితే సూరత్‌లో మనం తలెత్తుకు తిరగలేం అన్నాడు. అందుకని ఒక పరీక్ష పెడతానన్నాడు.

"బావ ఎనుక నిలవడి మామూలు గొంతుతోని తాళంచెయ్యి అడుగుత. ఎనుకకు మర్లి సూశిండా, కాళ్ళు మొక్కుత, మల్ల ఈ ముచ్చట ఎత్త. సూడలేదా, ఎల్లుండి సంది బండి తోలేది బావ కాదు, పైసలిచ్చి డ్రైవర్‌ను పెడుదాం."

కొమురవ్వకు కోపమొచ్చింది. తన కొడుక్కు లోపమంటగడతావా అంది. అయినా పరీక్షకు ఒప్పుకుంది. పిలిస్తే పలకడం లేదన్న బాధ ఆవిడకూ ఉంది. ఏదో ఒకటి తేలితే మంచిదనుకుంది.

"అక్కా, నువ్వు పలుకద్దు. నా బిడ్డ మీద ఒట్టు," అన్నాడు ఉమాకాంత్.

"పలుక," అంది భాగ్యలక్ష్మి.

పరమేశ్వర్ పీట మీద కూర్చుని అన్నం తింటున్నాడు. భాగ్యలక్ష్మి అతనికెదురుగా గంటె పట్టుకుని ఉంది. ఉమాకాంత్ పది అడుగుల వెనక, సుమన అతని పక్కన. కొమురవ్వ చెట్టుకానుకుని కళ్ళు మూసుకున్నట్టు నటిస్తోంది.

"బావా, బండి తాళంచెయ్యి జర ఇటియ్యి."

పరమేశ్వర్ పచ్చిపులుసు కలుపుకుంటున్నాడు.

"బావా, తాళంచెయ్యి."

అతను ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. ఉమాకాంత్ బావ వీపు మీంచి కళ్ళు తీయకుండానే మూడోసారి అడగడానికి ఊపిరి తీసుకున్నాడు. ఆ ముద్ద నమిలే తీరిక భాగ్యలక్ష్మి చూసింది. మళ్ళీ సాంచెల కాడికి పోతే ఈ మనిషి బతకడని ఆమెకు తెలుసు. నాలుగు రోజులుగా అతను స్టీరింగు పట్టుకుని నవ్వుతుంటే, పెళ్ళయిన కొత్తలో చూసిన ముఖం మళ్ళీ చూసింది. ఆమె పెదాలు కదిలాయి. గొంతు రాలేదు. షెడ్డులో ఆడవాళ్ళు మాట్లాడుకునేటట్టు, ఉత్త పెదాలతో అంది:

"ఎనుక తమ్ముడు తాళంచెయ్యి అడుగుతుండు."

పరమేశ్వర్ చెయ్యి విస్తరి మీద ఆగింది. ఆమె కళ్ళలోకి చూశాడు. ముందు ఆశ్చర్యం, ఆ వెనకే సిగ్గు కనిపించాయి ఆమెకు. అతను వెనక్కి తిరగలేదు.

"బండికే ఉన్నది తీస్కో," అన్నాడు ఎప్పటిలాగే పెద్ద గొంతుతో. "తినేటప్పుడు తాళంచెయ్యేందిరా నీకు?"

ఉమాకాంత్ మాట మీద నిలబడే మనిషి. వచ్చి బావ కాళ్ళకు దండం పెట్టాడు. ఎందుకో చెప్పలేదు. అద్దం తన డబ్బుతో వేయిస్తానన్నాడు. ఎల్లుండి పార్టీతో తను కూడా వస్తానన్నాడు. జమున చేతిలోని పిల్లను తీసుకుపోయి బండిలో బల్ల మీద తనే పడుకోబెట్టి, తెర వేసి వచ్చాడు. కొమురవ్వ మాత్రం కొంచెం నిరాశపడింది. కొడుక్కు చెవులు బాగానే ఉన్నాయంటే, తల్లి పిలుపే వాడికి చేదైందన్నమాట.

గొంతు విప్పలేదు కనుక భాగ్యలక్ష్మి ఒట్టు తప్పలేదు. ఒట్టు తప్పి ఉంటే అక్కడే అంతా బయటపడేది, ఇంత భయమేసేది కాదు.

గిన్నెలు తోమడానికి చేతిపంపు దగ్గరికి పోతే సుమన వెంట వచ్చింది. పదహారేళ్ళ పిల్ల. తెలుగు ఇంట్లో నేర్చుకుంది, హిందీ, గుజరాతీ వీధిలో నేర్చుకుంది. 

"అమ్మా, నేను నీకు ఎదురుంగనే నిలవడ్డ," అంది పంపు కొడుతూ.

భాగ్యలక్ష్మి బూడిద వేసి గిన్నె రుద్దింది.

"నేను గూడ సాంచెల మీది ఇంట్లనే పుట్టిన గదా. నీ పెదాలు కనవడ్డయి."

రుద్దిన గిన్నెనే మళ్ళీ రుద్దింది భాగ్యలక్ష్మి. తర్వాత తల ఎత్తకుండా, తండ్రి మళ్ళీ ఆ షెడ్డుకు పోతే నీకు ఇష్టమేనా అని అడిగింది. చెవులు ఆ సాంచెలకే ఇచ్చాడు, కళ్ళు కూడా ఇవ్వాలా అంది. డ్రైవర్‌ను పెడితే వాడి జీతం పోను ఇద్దరి ఇళ్ళు గడవవని, అప్పుడు ఎవరు వెనక్కి పోవాలో నీకు తెలియదా అంది.

"నాకెరుక. కని ఎల్లుండి మన గల్లి వజ్రమ్మత్త పిల్లలు ముగ్గురెక్కుతరు. చిన్నోన్ని నేనే ఎత్తుకొని తిప్పిన. ఐసే కైసే చలేగా, ఇట్లెట్ల నడుస్తదమ్మా?"

"నేను ముంగట కూసుంట."

"రోజు కూసుంటవా? జరమొస్తె? నిద్రవట్టిందనుకో?"

"పట్టది."

సుమన పంపు వదిలేసింది. నేను ఎవరికీ చెప్పను, చెప్పాలంటే నువ్వే చెప్పాలంటూ కడిగిన గిన్నెలు తీసుకుని వెళ్ళిపోయింది. కూతురు తన కన్నా పెద్దదైపోయినట్టు అనిపించింది భాగ్యలక్ష్మికి. కోపమూ వచ్చింది.

మూడు గంటలకు బయలుదేరారు. ఉమాకాంత్ తనే తలుపు తీసి పట్టుకుని, నువ్వు ముందు కూర్చో అక్కా అన్నాడు. ఆ మర్యాదకు ఆమెకు ఏడుపొచ్చింది.

ముందు రోజుల్లా లేదు ఈ ప్రయాణం. హారన్ మోగితే మోచేతిని తాకుతోంది, అతను ఎడమకు జరుగుతున్నాడు. ఇదివరకు భయస్తురాలైన పెళ్ళాం చాదస్తమనుకుని నవ్వేవాడు. ఇప్పుడు నవ్వడం లేదు. ఎందుకు తాకుతోందో అతనికి తెలిసిపోయింది. అతనికి తెలిసిపోయిందని ఆమెకూ తెలుసు. మాట్లాడుకుందామంటే అతను రోడ్డు మీంచి కళ్ళు తిప్పకూడదు, ఆమె ముఖం చూడందే అతనికి మాట అందదు. బండి పోతున్నంతసేపూ వాళ్ళిద్దరికీ మాటలు లేవు.

హైవే ఎక్కాక ఆమె ఆలోచనలో పడింది. ఆ సిగ్గు ఎందుకు? నా నుంచి దాచినందుకా, నాకు తెలిసిపోయినందుకా? రెండేళ్ళు నా ఎదుట నాటకమాడానని అతను బాధపడుతున్నాడా, లేక నేనే ఆడానని కోపమా? అంతలో వెనక నుంచి ఒక చెయ్యి ఆమె భుజం మీదుగా చాచుకుని వచ్చి పరమేశ్వర్ భుజం మీద గట్టిగా తట్టింది. అతను ఉలిక్కిపడి బండిని పక్కకు తీశాడు. ప్రయాణికులతో నిండిన బస్సు ఒకటి హారన్ ఆపకుండా, చెయ్యెడు దూరంలో దూసుకుపోయింది.

ఆ చెయ్యి సుమనది.

"ఏమాయె?" అని అడిగాడు ఉమాకాంత్.

ఏం లేదు మామా, బాపు భుజం మీద పురుగు వాలిందని అబద్ధం చెప్పింది సుమన. తల్లి వైపు చూడలేదు. భాగ్యలక్ష్మి ఆ హారన్ విననే లేదు. ఆమె చెవులు బాగానే ఉన్నాయి. మనసు ఎక్కడో ఉంది. జ్వరమూ అక్కర్లేదు, నిద్రా అక్కర్లేదు, ఒక్క ఆలోచన చాలునని ఆమెకు అప్పుడు తెలిసింది.

పొద్దు వాలుతుండగా నవాగామ్ దగ్గర రైలు గేటు పడింది. పరమేశ్వర్ ఇంజను ఆపాడు. వాళ్ళ వెనక స్కూటర్లు, టెంపోలు, సైకిళ్ళు బారుగా నిలబడ్డాయి. ఇల్లు ఇంకో అయిదు నిమిషాల దూరం. రైలు జాడ లేదు. సెలవుల వల్ల చుట్టుపక్కల సాంచెలేవీ ఆడడం లేదు. గేటు దగ్గర అంత నిశ్శబ్దం ఉండడం అరుదు.

పరమేశ్వర్ స్టీరింగు వదిలి ఆమె వైపు పూర్తిగా తిరిగాడు. ఉభరాట్ నుంచి దీనికోసమే కాచుకుని ఉన్నట్టున్నాడు. ముందుకు వంగి, గొంతు బాగా తగ్గించి అడిగాననుకున్నాడు.

"నాకు ఇనవడదని నీకు ఎన్నొద్దుల సంది ఎరుక?"

గొంతు తగ్గలేదు. షెడ్డులో యాభై సాంచెల మీదుగా వేసే గొంతు అది. పక్కన స్కూటరు మీదున్నతను తలతిప్పి చూశాడు. వెనక కొమురవ్వ చేతిలోని వక్కపలుకు కింద పడింది. జమున పిల్ల దగ్గరికి జరిగింది. 

తన గొంతు అందరికీ వినపడిందని ఎరగక పరమేశ్వర్ ఆమె ముఖమే చూస్తున్నాడు. అతనికి జవాబు కావాలి.

భాగ్యలక్ష్మి ఉత్త పెదాలతోనే జవాబిచ్చి ఊరుకోవచ్చు. ఇంక దాచడానికి ఏముందని ఆమెకు అనిపించింది. అందరూ వినేటట్టే అంది.

"ప్లేగు సంది."

వెనక తలుపు తెరుచుకుంది. ఉమాకాంత్ దిగాడు. అదే సమయానికి రైలొచ్చింది. బొగ్గు వ్యాగన్ల రైలు, తెగదు. నేల అదిరింది. ఆ మోతలో లోకంలో ఎవరికీ ఏమీ వినపడదు. సాంచెల మనుషులకు మాత్రం అడ్డేమీ లేదు. ఆ కాసేపు పరమేశ్వర్ అందరితో సమానం.

ఉమాకాంత్ డ్రైవరు కిటికీ దగ్గరికొచ్చి, బావ ముఖానికి ఎదురుగా నిలబడ్డాడు. ఇన్నేళ్ళలో అతను బావతో అలా ముఖం చూపించి, ఒక్కో మాటా విడదీసి మాట్లాడడం ఇదే మొదలు.

"దిగు బావా. ఇంటిదాక బండి తోసుకపోదాం."

"ఎల్లుండి పార్టీ?" అన్నాయి పరమేశ్వర్ పెదాలు.

"వేరేటోడు తోలుతడు."

"మరి నేను?"

 కొమురవ్వ వెనక నుంచి కొడుకు భుజం మీద చెయ్యి వేసింది. అతను తిరిగి చూశాడు. నాలుగు రోజులుగా పిలిచి పిలిచి అలిగిన మనిషి, చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సుమన తల్లినే చూస్తోంది.

పరమేశ్వర్ మళ్ళీ భాగ్యలక్ష్మి వైపు తిరిగాడు. మధ్యాహ్నం తనను కాపాడిన పెదాలవి. అతను వాటి కోసమే చూస్తున్నాడు. నువ్వు పోనియ్యమంటే పోనిస్తాను అన్నట్టుంది ఆ చూపు. అంత నమ్మకంగా చూడకపోతే ఆమెకు కొంత సులువయ్యేది.

రైలు చివరి డబ్బా దాటిపోయింది. గేటు లేస్తోంది. వెనక వరసలోని హారన్లన్నీ ఒక్కసారి మొదలయ్యాయి. ఆమెకు బస్సు గుర్తొచ్చింది, వజ్రమ్మ చిన్నకొడుకు గుర్తొచ్చాడు. రెండు చేతులతో భర్త చెయ్యి పట్టుకుంది.

"దిగు," అంది.

మాట చిన్నదే. పరమేశ్వర్ ఆ పెదాలు చూడనే చూశాడు. అర్థమైందని అతని కళ్ళు చెప్పాయి. చెయ్యి విడిపించుకున్నాడు.

"నాకు ఇనవడలేదు," అన్నాడు, గేటు దగ్గరున్న వాళ్ళంతా తిరిగి చూసేటట్టు.

చెవుల మీద నెపం వేసి అతను మాట దాటేయడం బతుకులో అదే మొదటిసారి. అని, ఎవరి పెదాలూ కనపడకుండా ముఖం రోడ్డు వైపు తిప్పుకుని, తాళంచెవి తిప్పాడు. బండి కదిలింది. ఉమాకాంత్ ఇంకా రోడ్డు మీదే ఉన్నాడు. అతని పిల్ల లోపల బల్ల మీద నిద్రపోతోంది.